సున్నా శాతం అదృష్టం

కొత్తలంక టౌన్ క్లబ్బులో పేకాట గదికి తాళం పడి రెండు నెలలైంది. ఉత్త తాళం కాదు. తాళానికి గుడ్డ, గుడ్డకు లక్క, లక్క మీద ప్రభుత్వ ముద్ర. లోపల ఉన్నవేమిటయ్యా అంటే ఒక గుండ్రబల్ల, నాలుగు కుర్చీలు, రెండు పాత పేక కట్టలు, తమలపాకులు పెట్టుకునే పళ్లెం ఒకటి. ఆ ఊళ్ళో బంగారం కొట్టుకు కూడా ఇంత బందోబస్తు లేదు.

చేసిన నేరం డబ్బు పెట్టి ఆడడం కాదు. ఆ గదిలో ఎవరూ పైసా తియ్యరు. ఓడినవాడు మిగతా ముగ్గురికీ కిళ్ళీలు చుట్టాలి, అదే పందెం. సర్వేయరుగా రిటైరైన పొన్నాడ అవతారం గారు ఈ సంగతే సీలు వెయ్యడానికొచ్చిన ఇన్‌స్పెక్టరుకు ఓపిగ్గా చెప్పారు. ఇన్‌స్పెక్టరు కూడా అంతే ఓపిగ్గా విన్నాడు.

"డబ్బు సంగతి అలా ఉంచండి. ముక్కలు కలుపుతున్నారా?"

"కలపకుండా ఎలా ఆడతామండి?"

"కలిపేక ఎవరికేం ముక్కొస్తుందో మీకు ముందే తెలుస్తుందా?"

"తెలిస్తే ఇంక ఆడ్డం దేనికండి?"

"అదీ సంగతి. తెలీదు అంటే అదృష్టం ఉన్నట్టు. కొత్త సర్క్యులర్ ప్రకారం ఆటల్లో అదృష్టం నిషిద్ధం. నైపుణ్యమైతే మీ ఇష్టం, ఎంతైనా వాడుకోండి," అని ఇన్‌స్పెక్టరు నలుగురి చేతా బైండోవరు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ప్రభుత్వం అనుమతించిన ఆటకు తప్ప ఈ నలుగురూ ఇంట్లో గాని బయట గాని పేక ముట్టుకోరాదని వాటి సారాంశం.

అవతారం గారి మట్టుకు పేక లేకపోతే కొంప మునగదు. మొక్కలకు నీళ్ళు పోసుకుంటారు, పేపరు రెండోసారి చదువుతారు. ఆయన దిగులంతా మీరాసాహెబు గురించి. మీరాసాహెబు రాజమండ్రి రూటులో ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట నెమ్మదించింది. డాక్టరు పిసకమని రబ్బరు బంతి ఇస్తే దాన్ని మనవలకు ఇచ్చేశాడు. పేకముక్కల్ని మాత్రం వదల్లేదు. మొదటిరోజు కుడిచేత్తో మూడు ముక్కలు పట్టుకుంటే రెండు జారిపోయాయి. నాలుగు నెలలయ్యేసరికి పదకొండు నిలబెట్టాడు. ఇంకో రెండు ముక్కలు నిలబడితే చెయ్యి వచ్చేసినట్టేనని డాక్టరే అన్నాడు. సరిగ్గా అప్పుడు గదికి సీలు పడింది.

ఒకరోజు పొద్దున్నే మీరాసాహెబు భార్య జరీనమ్మ అవతారం గారి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అన్నయ్యగారండీ, వేళ్ళు మళ్ళీ ముడుచుకుపోతన్నాయండి. నిన్న గళ్ళలుంగీ ముడి ఏసుకోలేకపోయేరు. ఆ గది ఎప్పుడు తీత్తారో కాస్త కనుక్కోండి."

"కనుక్కుంటానమ్మా," అన్నారు అవతారం గారు. ఆవిడ వెళ్ళాక ఆయనకు అన్నం సహించలేదు.

దేవుడు వినలేదు గాని ప్రభుత్వం వింది. వారం తిరక్కుండా రాష్ట్ర నైపుణ్య క్రీడల ప్రమాణీకరణ మండలి నుంచి క్లబ్బుకు ఉత్తరం వచ్చింది. అదృష్టం ఏ మాత్రం కలవని కొత్త పేకాట ఒకటి మండలి కనిపెట్టిందట. పేరు ప్రజ్ఞ-13. దాన్ని ముప్ఫై రోజులు ఆడి, ఆడిన నలుగురూ ఏ రోజుకారోజు అభిప్రాయ పత్రాలు నింపి పంపాలి. ప్రయోగం నెగ్గితే గదికి శాశ్వతంగా లైసెన్సు. నెగ్గకపోతే ఆ గది మండలి పాత కాగితాలకు గోడౌను.

మండలి జాయింటు డైరెక్టరు ఉమాకాంత్ గారు స్వయంగా వేంచేసి సీలు విప్పారు. ఎండాకాలంలోనూ కోటు విప్పని మనిషి.

"క్రీడాకారులకు తెలియజేయునది ఏమనగా," అని మొదలుపెట్టారు, ఎదురుగా ఉన్నది నలుగురే అయినా. "పేకాటయందు ప్రతిభ గలవాడు ఓడిపోవుట, ప్రతిభ లేనివాడు గెలుచుట అను దుస్థితి తరతరాలుగా కొనసాగుచున్నది. మండలి దీనిని తీవ్రంగా పరిగణించినది. ముందుగా జోకరును తొలగించడమైనది. సదరు జోకరు ఎట్టి అర్హతా లేకయే ఏ ముక్క స్థానమునైనా ఆక్రమించుచున్నట్టు విచారణలో తేలినది."

"ఆ లెక్కన సూత్తే శానా ఆఫీసులు కాళీ అయిపోతాయండి," అన్నాడు కొబ్బరికాయల వ్యాపారి కర్రి బుల్రాజు.

ఉమాకాంత్ గారు ఆ మాట కూడా శ్రద్ధగా రాసుకున్నారు. అభిప్రాయం అన్నది ఏదైనా సరే, నలభై ఎనిమిది గంటల్లో దాని మీద చర్య తీసుకుని తీరాలన్నది మండలి నియమం. అంతకుముందు ఏడాది మండలి ఎవరి మాటా వినదని పేపర్లో పడింది. అప్పట్నుంచి వింటూనే ఉంది.

ఆట పద్ధతి ఇదీ. కట్టలోంచి ముక్క తీసుకోవాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. పదిహేను సెకన్లలో చెబితే ముక్క నీది. చెప్పలేకపోతే ముక్క మండలిది. నాలుగో ఆటగాడు సోమయాజులు గారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పి ముక్క లాక్కున్నారు. మీరాసాహెబు వంతు వచ్చింది.

"పదిహేడు తొమ్మిదులెంత?" అని అడిగారు ఉమాకాంత్ గారు, గడియారం చేత్తో పట్టుకుని.

మీరాసాహెబుకు తెలుసు. అది ఆయన కళ్ళలో కనబడుతూనే ఉంది. పెదవులు కదిలాయి, మెడ నరం ఉబ్బింది. గడువు దాటిన నాలుగో సెకనుకు "నూట... యాభై... మూడు" అన్నాడు.

"జవాబు సరియైనదే. సమయము సరియైనది కాదు," అని ఉమాకాంత్ గారు ముక్కను సంచిలో వేసుకున్నారు. ఆట అయ్యేసరికి సోమయాజులు గారు ఒకటో ర్యాంకు, బుల్రాజు రెండు, అవతారం గారు మూడు, మీరాసాహెబు నాలుగు.

సాయంత్రం అభిప్రాయ పత్రాలు ముందేసుకుని కూర్చున్నారు. ఇక్కడే వచ్చింది చిక్కు. గోదావరి పక్కన పుట్టినవాడికి కోపమొస్తే తిట్టడు, పొగుడుతాడు. అన్నంలో రాయి తగిలితే "మీ ఇంట్లో పంటికి బలమిచ్చే భోజనమండి" అంటాడు. ఎదుటివాడు కూడా ఆ నీళ్ళే తాగాడు గనక వాడికి అర్థమవుతుంది. మండలివారు ఏ నీళ్ళు తాగేవారో గాని, బుల్రాజు రాసింది మాత్రం ఇది: "ఆట బ్రహ్మాండం. ముక్కలు కలపడం ఒక్కటే కాస్త వెలితి. అది కూడా తీసేస్తే మా జన్మ ధన్యం."

నలభై ఎనిమిది గంటల్లో మొదటి సవరణ వచ్చింది. ముక్కలు కలుపుట ఇందుమూలముగా రద్దు. ఇకపై ముక్కలు ప్రతిభను బట్టి కేటాయింపబడును. ఒకటో ర్యాంకువారు కట్టలు ముందేసుకుని కావలసిన పదమూడు ఏరుకోవలెను. తరువాత రెండు, తరువాత మూడు. నాలుగో ర్యాంకువారికి, ఎవరికీ అక్కర్లేనివాటిలోంచి పదమూడు.

సోమయాజులు గారు ఏరుకున్నారు. ఏరుకోవడమే సీక్వెన్సులుగా ఏరుకున్నారు. మిగిలినవాళ్ళు ముక్కలు సర్దుకునేలోపే షో తిప్పేశారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కిళ్ళీలు చుట్టే పని మీరాసాహెబుకు ఖాయమైపోయింది. ఎడంచేత్తో చుడితే సున్నం ఎక్కువై మిగతా ముగ్గురికీ నోళ్ళు పొక్కాయి.

పదకొండో రోజున సోమయాజులు గారు అవతారం గారిని వరండాలోకి పిలిచారు.

"అవతారం గారూ, నావల్ల కావట్లేదండి. ముప్ఫయ్యేళ్ళు పేకాడేను. ఒక్క ముక్క కోసం దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు దణ్ణం పెట్టే అవసరం లేదు. రోజూ గెలవడం ఉద్యోగానికి వెళ్ళొచ్చినట్టుంది."

"పోనీ ఒకరోజు చెత్త ముక్కలు ఏరుకోకూడదూ?"

"ఏరేనండి నిన్న. ప్రతిభను దాచినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది."

బుల్రాజు ఆ సాయంత్రం పత్రంలో ఇలా రాశాడు: "గెలిచేది మాస్టారేనని ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు. ఇంత దూరం మమ్మల్ని రప్పించడం దేనికి, ఫలితాలు పోస్టులో పంపేయండి, ఇంటిదగ్గరే సుఖంగా ఓడిపోతాం."

రెండో సవరణ వచ్చింది. క్రీడాకారుల విలువైన సూచన మేరకు, మిగిలిన రోజుల ఫలితాలు ముందుగానే ఖరారు చేసి కవరులో పంపడమైనది. క్రీడాకారులు సాయంత్రం నాలుగింటికి హాజరై తమ తమ ఫలితము నందినట్టు సంతకము చేయవలెను. ఇంటిదగ్గర ఓడిపోవుటకు ప్రస్తుత నిబంధనలు అనుమతించవు.

మధ్యలో సోమయాజులు గారికి జ్వరమొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ ఆయనే గెలిచారు. అస్వస్థతలో సైతం నైపుణ్యము సడలనందులకు మండలి ఆయనకు అభినందన పత్రం పంపింది.

ఇన్ని జరిగినా అవతారం గారు ఓర్చుకున్నారు. కారణం ఒక్కటే. ఫలితం ముందే వచ్చినా, పాత అలవాటు చొప్పున ముక్కలు మాత్రం ఎవరివి వాళ్ళకు పంచుతున్నారు. మీరాసాహెబు తన పదమూడు చెత్త ముక్కల్నీ కుడిచేత్తో పట్టుకుని అరగంట కూర్చునేవాడు. ఏడు నిలబడ్డాయి. తొమ్మిది నిలబడ్డాయి. ఆడడానికి ఏమీ లేకపోయినా ముక్కలు అటూ ఇటూ సర్దుకునేవాడు. చూసేవాళ్ళకు అది ఆటలాగే ఉండేది.

ఇరవయ్యో రోజున మీరాసాహెబుకు ఏ రెండూ వరసలో కలవని ముక్కలు పడ్డాయి. పడ్డాయి అనకూడదు, కేటాయించబడ్డాయి. అవతారం గారికి ఒళ్ళు మండిపోయింది. ఆయనా గోదావరి మనిషే కదా. కలం తీసి రాసేశారు: "సాయిబు గారికి ఆ పదమూడు ముక్కలు మాత్రం దేనికి, దండగ. అవి కూడా లాక్కుని మాస్టారికే ఇచ్చేస్తే లోకంలో న్యాయం నాలుగు పాదాలా నడుస్తుంది."

మూడో సవరణ ఇరవై రెండో రోజున వచ్చింది. సోమయాజులు గారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు.

"క్రీడాకారుడు శ్రీ పొన్నాడ అవతారం గారి సూచన మేరకు, నాలుగో ర్యాంకు క్రీడాకారునికి ముక్కల కేటాయింపు నేటినుండి నిలిపివేయడమైనది. సదరు ముక్కలు ఒకటో ర్యాంకుకు బదలాయింపు. నాలుగో ర్యాంకువారు చేతులు బల్లపై నుంచి ప్రేక్షక క్రీడాకారునిగా కొనసాగవచ్చును."

సోమయాజులు గారి ముందు ఇరవై ఆరు ముక్కలున్నాయి. మీరాసాహెబు ముందు ఖాళీ బల్ల ఉంది. ఆయన ఆర్డరులో చెప్పినట్టే రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు. ఎడం చెయ్యి వెడల్పుగా పరుచుకుంది, కుడి చెయ్యి ముడుచుకునే ఉంది.

"మీరే... రాసేరా?" అన్నాడు.

"వెటకారానికి రాసేను సాయిబు గారూ," అన్నారు అవతారం గారు.

"నాకు... తెలుసండి. ఆళ్ళకి... తెలీదు కదా."

ఇంటికెళ్ళి అవతారం గారు చాలాసేపు తనను తానే తిట్టుకున్నారు. నోటి తీట తీర్చుకోవడానికి ఒక మనిషి చేతిలో ముక్కలు లాగేసినవాణ్ణయ్యాను గదా అని ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. మర్నాడు వెటకారం వీసమెత్తు లేకుండా, చిన్నప్పుడు కాపీ పుస్తకం రాసినంత జాగ్రత్తగా, అభిప్రాయ పత్రం నింపారు.

"అయ్యా, మీరాసాహెబు గారి కుడి చేతికి పక్షవాతం. పేకముక్కలు పట్టుకుంటే ఆయన వేళ్ళు కదులుతున్నాయి. దయచేసి ముక్కలు కలిపి అందరికీ సమానంగా పంచనివ్వండి. మాలో ఎక్కువ తెలిసినవారున్నారు, తక్కువ తెలిసినవారున్నారు. ఎవరికి ఏ ముక్క వస్తుందో తెలియదు గనకే ఇన్నాళ్ళూ నలుగురం ఒక బల్ల దగ్గర కూర్చోగలిగాం. మాకు ఆ తెలియకపోవడమే కావాలి."

జవాబు రావడానికి నలభై ఎనిమిది గంటలు కూడా పట్టలేదు. సదరు అభిప్రాయము ఆసాంతం వ్యంగ్య ధోరణిలో ఉన్నట్టు నిపుణుల సంఘము గుర్తించినది. నైపుణ్యము కోరవలసిన క్రీడాకారుడు అజ్ఞానము కోరుట పరిహాసము గాక మరొకటి కానేరదు. చర్య అవసరము లేదు. శ్రీ అవతారం గారు గతంలో వలె ఇకముందు కూడా సూటిగా, నిజాయితీగా వ్రాయవలెనని కోరడమైనది.

ముప్ఫయ్యో రోజున ఉమాకాంత్ గారు కోటుతో సహా మళ్ళీ వచ్చారు. ప్రయోగం దిగ్విజయమని ప్రకటించారు.

"ఆటయందు అదృష్టము సున్నా శాతము. తగాదాలు సున్నా. ఆటకు పట్టు కాలము సున్నా. ఈ గదికి శాశ్వత లైసెన్సు మంజూరు చేయడమైనది. ఇక ఫలితాలు ప్రతి ఏడాదీ ఏప్రిల్‌లో ఒకేసారి వచ్చును గనుక, పేకముక్కల అవసరము తీరినది. ఉన్న రెండు కట్టలను నిరుపయోగ సామగ్రిగా ప్రకటించి రద్దు చేయుచున్నాము."

గది దక్కింది, ముక్కలు పోయాయి. బైండోవరు ఉండగా కొత్తవి కొన్నా ముట్టుకోవడానికి లేదు. జరీనమ్మకు ఏమని చెప్పాలో అవతారం గారికి తోచలేదు. ఉమాకాంత్ గారు జోకర్లతో సహా ఆ కట్టల్ని సంచిలో వేసుకోబోతుంటే అవతారం గారి చెయ్యి దానంతటదే అడ్డం వెళ్ళింది. ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు గొలుసు లాగిన చెయ్యి అది. ప్రభుత్వంలో పని జరగకపోవడం ఎంత సులభమో, పారెయ్యడం అంత కష్టమని దానికి తెలుసు.

"అయ్యా, రద్దు చేసేముందు తనిఖీ ఉండాలి కదండీ?"

ఉమాకాంత్ గారి మొహం వికసించింది. నిబంధనలు తెలిసిన పౌరుడు ఆయనకు చాలాకాలానికి కనబడ్డాడు. "తప్పక ఉండవలెను. నలుగురు సభ్యులతో రద్దు సామగ్రి తనిఖీ సంఘము. మీరే నలుగురు ఉన్నారు."

"చిత్తం. ఒక సభ్యుడికే మంచి ముక్కలన్నీ వచ్చి, ఇంకొకరికి చిరిగినవొస్తే రేపు ఆడిటువాళ్ళు పక్షపాతం అంటారేమోనండి."

"అనుదురు," అన్నారు ఉమాకాంత్ గారు, ఆడిటు పేరు వినగానే కొంచెం తగ్గి. "అందుచేత సామగ్రిని బాగుగా కలిపి, ఒక విడతకు పదమూడు చొప్పున సమానంగా పంచుకొనవలెను."

"ర్యాంకుల ప్రకారమాండి?"

"సామగ్రి రద్దుయందు ర్యాంకులు వర్తించవు. సభ్యులందరూ సమానులే."

"జోకర్లు కూడా తనిఖీ చెయ్యాలాండి?" అనడిగారు సోమయాజులు గారు. ఆయనకు అప్పుడే విషయం అందింది.

"ముఖ్యముగా జోకర్లు. అవి ముందే తొలగింపబడినవి గనుక వాటి ఆచూకీ పదే పదే సరిచూడవలెను."

"మరండీ," అన్నాడు బుల్రాజు, నవ్వు పళ్ళ కింద పెట్టుకుని, "ముక్కల్ని వరసలో ఎట్టకపోతే ఏది ఉందో ఏది పోయిందో ఎలా తెలుద్దండి?"

"వరుసలుగా పేర్చి, పూర్తి అయినవారు బల్లపై పరిచి తోటి సభ్యులకు చూపవలెను. పిదప మరల కలిపి తదుపరి విడత. తనిఖీ ముగిసినట్టు నలుగురూ ఏకగ్రీవముగా వ్రాసి యిచ్చువరకు ప్రతిదినము సమావేశము కావలెను," అని ఉమాకాంత్ గారు అక్కడే కూర్చుని ఆర్డరు రాసి, బైండోవరుకు మినహాయింపు జోడించి, ముద్ర వేసి ఇచ్చారు.

మర్నాడు నాలుగింటికి తనిఖీ సంఘం సమావేశమైంది. సోమయాజులు గారు నెల్లాళ్ళ తర్వాత ముక్కలు కలిపారు. తన పదమూడు ముక్కలూ విప్పి చూసుకుని, "ఛీ, ఒక్కటీ పనికిరాదు," అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. మీరాసాహెబు కుడిచేతిలో అయిదు ముక్కలే నిలబడ్డాయి. మిగతావి ఒళ్ళో పడితే ఏరుకున్నాడు. ఆ కాసేపూ సభ్యులు ముగ్గురూ కిటికీలోంచి రోడ్డు మీద ఆటోలు తనిఖీ చేశారు.

ఇన్‌స్పెక్టరు ఒకసారి వచ్చి చూశాడు. ఆర్డరు కాపీ రెండుసార్లు చదివాడు. ఎవరికేం ముక్క వస్తుందో తెలియకుండా పంచుతున్నారని ఆయన కళ్ళకు కనబడుతూనే ఉంది. "ఇది ఆట కాదండి, ఆఫీసు పని," అన్నారు అవతారం గారు. ఆఫీసు పనిలో ఎవరికేం వస్తుందో తెలియకపోవడం ఇన్‌స్పెక్టరుకు కొత్త కాదు గనక సెల్యూటు కొట్టి వెళ్ళిపోయాడు.

అయిదు ముక్కలు ఎనిమిదయ్యాయి. ఎనిమిది పదకొండయ్యాయి. మూడు నెలలు తిరిగేసరికి మీరాసాహెబు చేతిలో పదమూడు ముక్కలూ విప్పిన విసనకర్రలా నిలబడ్డాయి. ఆ రోజు ఆయన రెండు జోకర్లు పట్టి షో చెప్పాడు. సోమయాజులు గారు ఓడిన కౌంటు ఇచ్చుకుని, పళ్ళెం దగ్గరకు లాక్కుని, తమలపాకులకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు.

ఆ వారమే మండలినుంచి కవరొచ్చింది. రెండు కట్టల తనిఖీకి ఇంతకాలమేల పట్టుచున్నది, పని ఏ విధముగా సాగుచున్నది, సభ్యుల అభిప్రాయము తెలుపవలెను.

బుల్రాజు ఉత్సాహంగా కలం మూత తీశాడు. అవతారం గారు ఆ కలం ఆయన చేతిలోంచి లాక్కుని మీరాసాహెబుకు ఇచ్చారు. మీరాసాహెబు దాన్ని ఎడంచేత్తో అందుకుని, కాసేపు చూసి, కుడిచేతిలోకి మార్చుకున్నాడు. ముగ్గురూ బల్ల మీదికి వంగారు. ఒక్కొక్క అక్షరమే కాగితమ్మీదికి దిగింది. పెద్దవి, వంకరవి, గీత దాటిపోయినవి. పావుగంట పట్టింది.

"పని చాలా కష్టంగా ఉంది. ఇంకా టైము కావాలి."

నలభై ఎనిమిది గంటల్లో మండలి చర్య తీసుకుంది. గడువు అయిదేళ్ళు పొడిగించడమైనది.